జాన్సన్ జీవిత చిత్రం: కెమెరా ఎవరి వైపు నిలబడింది?

అమెరికా 36వ అధ్యక్షుడు లిండన్ జాన్సన్ జీవితంపై పి.బి.ఎస్. టెలివిజన్ 1991లో దాదాపు నాలుగు గంటల డాక్యుమెంటరీ ప్రసారం చేసింది. పేరు 'ఎల్.బి.జె.', తీసినాయన డేవిడ్ గ్రూబిన్. ఈమధ్య హాస్టల్ గదిలో ఒక లాప్‌టాప్ చుట్టూ కూర్చుని మేము దాన్ని రెండు రాత్రులు చూశాం. ఆ తర్వాత జరిగిన వాదన చిత్రం కంటే ఎక్కువసేపు సాగింది. పాలకుడి జీవితకథలో ప్రజల పోరాటం ఎక్కడికి పోతుందనేదే వాదన. మనకిది పరాయి ప్రశ్న కాదు గనుకనే రాస్తున్నాం.

జాన్సన్ 1908లో టెక్సాస్ పల్లెలో పుట్టాడు. 1928లో కొటుల్లా అనే చిన్న ఊళ్ళో మెక్సికన్ కూలీల పిల్లలకు పాఠాలు చెప్పాడు. ఆకలితో బడికొచ్చే ఆ పిల్లల్ని మరిచిపోలేదని జీవితాంతం చెప్పుకున్నాడు. అది అబద్ధమని మేము అనం. కానీ 1937లో కాంగ్రెస్‌కు ఎన్నికైన తర్వాత ఇరవై ఏళ్ళపాటు నల్లవాళ్ళ హక్కుల బిల్లులను వ్యతిరేకిస్తూనే వచ్చాడు. మూకహత్యల నిరోధక బిల్లులు కూడా అందులో ఉన్నాయి. 1957 పౌరహక్కుల చట్టాన్ని సెనేట్‌లో గట్టెక్కించింది ఆయనే, దాని కోరలు పీకించిందీ ఆయనే. జాలికీ హక్కుకూ మధ్య ఎంత దూరం ఉంటుందో వెలివాడలో పుట్టినవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. ఓటుహక్కు సంగతేమిటని ఆ డిసెంబరులో మార్టిన్ లూథర్ కింగ్ అడిగితే, ఇప్పుడే కుదరదన్నాడు జాన్సన్. మరి ఎనిమిది నెలల్లో ఎట్లా కుదిరింది? 1965 మార్చి 7న సెల్మా వంతెన మీద సుమారు ఆరువందల మంది నల్లవాళ్ళను పోలీసులు లాఠీలతో, బాష్పవాయువుతో కొట్టారు. ఆ రాత్రి ఎ.బి.సి. చానెల్ నాజీల విచారణ మీద తీసిన సినిమాను మధ్యలో ఆపి ఈ దృశ్యాలు చూపింది. మార్చి 15న జాన్సన్ కాంగ్రెస్ ముందు నిలబడి ఉద్యమ పాటలోని పల్లవి మాటలనే పలికాడు. ఆగస్టు 6న చట్టం మీద సంతకమైంది. మిసిసిపీలో ఓటర్లుగా నమోదైన నల్లవాళ్ళు 1965లో నూటికి ఏడుగురు కూడా లేరు, 1967కల్లా అరవైకి చేరువయ్యారు. చిత్రంలో మూడో భాగానికి ఆ పల్లవే పేరు. వీధిలో దెబ్బలు తిన్న పాట అధ్యక్షుడి జీవితంలో ఒక అధ్యాయం శీర్షికైపోయింది!

ఇక్కడ ఫ్యానీ లూ హేమర్ కథ తప్పక చెప్పుకోవాలి. మిసిసిపీ పత్తిచేలల్లో కౌలు కూలీ ఆమె. ఓటు నమోదుకు వెళ్ళినందుకు ఉన్న నీడ పోయింది, జైల్లో ఒళ్ళు హూనమయ్యేలా కొట్టారు. 1964 ఆగస్టులో డెమోక్రటిక్ పార్టీ మహాసభలో ఆమె సాక్ష్యం చెబుతుంటే, జాన్సన్ హడావిడిగా విలేకరుల్ని పిలిచి కెమెరాల్ని తన వైపు తిప్పుకున్నాడు. చానెళ్ళు ఆ రాత్రి ఆమె మాటల్నే మళ్ళీ ప్రసారం చేశాయి. తెల్లవాళ్ళే నిండిన మిసిసిపీ ప్రతినిధి వర్గాన్ని ఉంచి, వీళ్ళకు రెండు సీట్లు ఇస్తామన్నారు. అక్కర్లేదన్నారు వీళ్ళు. ఇచ్చిందాంతో సర్దుకొమ్మనే మధ్యవర్తులు ఏ దేశంలోనైనా దొరుకుతారు.

అయితే జాన్సన్‌ను కొట్టిపారేయడం కూడా తేలిక పనే. 1965 జూన్‌లో హోవర్డ్ విశ్వవిద్యాలయంలో, ఏళ్ళ తరబడి సంకెళ్ళలో ఉన్నవాణ్ణి విప్పి పరుగుపందెం గీత దగ్గర నిలబెట్టి ఇక అందరితో పోటీపడమంటే న్యాయమవుతుందా అని అడిగాడు. ఇంట్లో మొదటి డిగ్రీ మాదే అయినవాళ్ళం, 'ప్రతిభ' పేరుతో అవమానాలు పడ్డవాళ్ళం, ఆ ప్రసంగం విన్నప్పుడు కదలకుండా ఉండలేకపోయాం. ఆ సెప్టెంబరులోనే ప్రభుత్వ కాంట్రాక్టర్లు నియామకాల్లో వివక్షను తొలగించే చర్యలు తీసుకోవాలని 11246 ఉత్తర్వు ఇచ్చాడు. ఆ తర్వాత వియత్నాం. 1968కల్లా అయిదు లక్షలకు పైగా సైనికులు అక్కడున్నారు, పేదరికంపై యుద్ధానికి కావాల్సిన డబ్బును అసలు యుద్ధం మింగింది. చిత్రం దీన్ని విషాదగాథగా చెబుతుంది. ఎవరి విషాదం? చచ్చిన వియత్నామీలదా, అధ్యక్షుడిదా?

తెలుగువాళ్ళకు నేరుగా తగిలే సంగతి మరోటుంది. 1965 అక్టోబరు 3న జాన్సన్ సంతకం చేసిన వలస చట్టం, పుట్టిన దేశాన్నిబట్టి కోటాలు పెట్టే పద్ధతిని రద్దు చేసింది. అంతకుముందు 1946 చట్టం ప్రకారం భారతదేశానికి ఏడాదికి వంద మంది కోటా! మన డాక్టర్లు, ఇంజనీర్లు వెళ్ళిన తలుపు అది. దాన్ని తెరిచిన గాలి సెల్మా నుంచే వీచింది. ఇక్కడ రిజర్వేషన్లను తిట్టి విమానమెక్కిన మనోళ్ళలో ఎంతమందికి ఇది తెలుసు? కులం కూడా సామానుతోపాటు దిగింది. 2023లో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా చట్టసభ ఆమోదించిన బిల్లును గవర్నరు వీటో చేశాడు.

జాన్సన్ 1973లో చనిపోయాడు. ఆయన చట్టాల గతి చూద్దాం. 2013లో సుప్రీంకోర్టు ఓటుహక్కు చట్టంలోని కీలకమైన ముందస్తు అనుమతి ఏర్పాటును పనిచేయకుండా చేసింది. 11246 ఉత్తర్వును 2025 జనవరి 21న ట్రంప్ రద్దు చేశాడు, అరవై ఏళ్ళు నిండకముందే. ఒక సంతకంతో వచ్చింది ఇంకో సంతకంతో పోయింది.

తరగతిలో ఈ చిత్రం చూపించదలచిన ఉపాధ్యాయులు 1987 నాటి 'ఐస్ ఆన్ ద ప్రైజ్' కూడా పక్కన పెట్టుకోవాలని మా సూచన. హెన్రీ హాంప్టన్ అనే నల్లజాతి నిర్మాత తీసిన ధారావాహిక అది. సెల్మా మీద ఒక పూర్తి భాగం ఉంది. అందులో కెమెరా వంతెన మీద, నడిచేవాళ్ళ పక్కన ఉంటుంది. మేము దాన్ని మరుసటి వారం చూశాం.