స్పర్శ లేని మచ్చ ఉందా? కుష్టు మందులు, పింఛన్ గురించి తెలుసుకోండి

ఒంటి మీద పాలిపోయిన మచ్చో, ఎర్రటి మచ్చో ఉన్నది. దురద లేదు, నొప్పి లేదు, గిల్లినా తెలుస్తలేదు. ‘నొప్పే లేదు కదా’ అని వదిలేయకండి. నొప్పి తెలియకపోవడమే కుష్టు వ్యాధికి ముఖ్యమైన గుర్తు.

దీనికి కారణం మైకోబ్యాక్టీరియం లెప్రే అనే బ్యాక్టీరియా. 1873లో నార్వే డాక్టర్ హాన్సెన్ దీన్ని కనిపెట్టారు. టీబీ సూక్ష్మజీవికి చుట్టమే గానీ చాలా నిదానం. ఒకటి రెండు కావడానికే దాదాపు రెండు వారాలు పడుతుంది. అందుకే వ్యాధి బయటపడేసరికి సుమారు 5 ఏళ్లు, కొందరికి 20 ఏళ్లు కూడా పట్టవచ్చు. చర్మం, చెవి తమ్మెలు, చేతులు కాళ్ల నరాలు, ఇట్లా ఒంట్లో చల్లగా ఉండే చోట్ల ఇది పెరుగుతుంది. వేళ్లను ఇది తినేయదు. నరం దెబ్బతింటే పొయ్యి మీది గిన్నె కాలినా, పత్తి చేనులో ముల్లు గుచ్చుకున్నా తెలియదు. ఆ పుండ్లు ముదిరి వేళ్లు పోతాయి.

మందులు వాడని రోగితో చాలా కాలం దగ్గరగా మెలిగితేనే ఇది సోకే అవకాశం ఉంటుంది. అప్పుడు కూడా ఎక్కువ మందికి రాదు, వారి ఒంట్లోనే తట్టుకునే శక్తి ఉంటుంది. మందులు మొదలుపెట్టిన మనిషికి పళ్లెం, గ్లాసు వేరుగా పెట్టడం అనవసరం.

మన పక్కనున్న నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో 1915లోనే కుష్టు దవాఖాన మొదలైంది. డాక్టర్ ఇసబెల్ కెర్ నడిపారు, రాజా నర్సాగౌడ్ విరాళమిచ్చారు. అప్పట్లో చాల్మోగ్రా నూనె ఇంజక్షన్లే దిక్కు. ఇప్పుడు మాత్రలతోనే నయమవుతుంది. సర్కారు దవాఖానలో ఉచితంగా ఇస్తారు. మచ్చలు ఐదు లోపు ఉంటే సాధారణంగా 6 నెలలు, ఎక్కువుంటే 12 నెలలు వాడాలి.

మందు మింగిన రోజు మూత్రం ఎర్రగా రావచ్చు, కొన్నాళ్లకు చర్మం నల్లబడవచ్చు. మందు పడలేదని భయపడి మధ్యలో మానొద్దు. అది మాత్రల రంగే, తర్వాత తగ్గిపోతుంది. వాడుతుండగా మచ్చలు ఉబ్బినా, నరం గుంజినా, చెయ్యి బలం తగ్గినా మాత్రం అదే రోజు డాక్టర్‌కు చూపించండి. ఆలస్యమైతే చెయ్యి వంకర పోయే ప్రమాదముంది. ఇంట్లోవాళ్లకు ముందు జాగ్రత్తగా ఒక్క డోసు మందు ఇస్తారు, వద్దనకండి.

‘రోగం తగ్గితే పింఛన్ పోతదా?’ అనే అనుమానం కొందరికి ఉంటుంది. పింఛన్ రోగానికి కాదు, వైకల్యానికి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో కుష్టు నయమైనవారు కూడా ఉన్నారు. సదరం పరీక్షలో 40 శాతం లేదా ఆపైన వైకల్యం తేలి, మిగతా అర్హతలు ఉంటే దివ్యాంగుల పింఛన్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. 2023లో ఈ పింఛన్‌ను నెలకు రూ.4,016కు పెంచారు. వంకర పోయిన చేతికి, కాలికి సరిచేసే ఆపరేషన్ చేయించుకుంటే రూ.12,000 సాయం ఉంది. స్పర్శ లేని పాదాలకు మెత్తటి చెప్పులు ఉచితం.

కుష్టు ఉందని విడాకులు కోరే వీలును కూడా 2019లో చట్టం నుంచి తీసేశారు.

మచ్చ కనబడితే మీ ఊరి ఆశా కార్యకర్తకు గానీ, ఏఎన్ఎంకు గానీ చూపించండి. సదరం పరీక్షకు వెళ్లేటప్పుడు ఆధార్ కార్డు, చికిత్స కాగితాలు వెంట తీసుకెళ్లండి.