చివరి దశ బెట్ట, అఫ్లాటాక్సిన్, కణ విభజన కైనేజ్‌లు

అనంతపురం ఎర్రనేలల్లో వర్షాధారపు వేరుశనగకు బెట్ట కొత్త కాదు. అయితే కోతకు ముందు 3 నుంచి 6 వారాలలో వచ్చే బెట్ట దిగుబడిని తగ్గించడంతో ఆగదు. కాయలుండే పొరలో నేల ఉష్ణోగ్రత 26–31 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండి, గింజలో తేమ తగ్గేకొద్దీ, రక్షక పదార్థాలైన ఫైటోఅలెక్సిన్ల తయారీ మందగిస్తుంది. అప్పుడు నేలలోని ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ శిలీంధ్రం గింజలో పెరిగి అఫ్లాటాక్సిన్‌ను ఉత్పత్తి చేస్తుంది. దిగుబడి నష్టాన్ని అందరూ లెక్కిస్తారు. ఈ నష్టం తూకంలో కనబడదు.

ఆహారంతో చేరిన అఫ్లాటాక్సిన్ బి1 కాలేయంలో చురుకైన ఎపాక్సైడుగా మారి, డి.ఎన్.ఎ.లోని గ్వానిన్‌కు అతుక్కుంటుంది. పి53 జన్యువులోని 249వ కోడాన్‌లో గ్వానిన్ స్థానంలో థైమిన్ చేరితే, ప్రోటీనులో ఆర్జినిన్‌కు బదులు సెరిన్ వస్తుంది. చైనాలోని చిదోంగ్, దక్షిణ ఆఫ్రికా ప్రాంతాల కాలేయ కణితులలో ఈ మార్పును 1991లో గుర్తించారు.

ఒక్క అమైనో ఆమ్లం మార్పుకు ఇంత ప్రాధాన్యం ఎందుకు? కణ విభజనను ముందుకు నడిపేవి సైక్లిన్‌లతో జతకూడే కైనేజ్ ఎంజైములు. డి.ఎన్.ఎ. దెబ్బతిన్నపుడు పి53, పి21 అనే ప్రోటీనును తయారు చేయించి వాటిని నిలువరిస్తుంది. మరమ్మతుకు వ్యవధి దొరుకుతుంది. మారిన పి53 ఆ పని చేయలేదు. అంతటితో పోలేదు. కొత్తగా వచ్చిన సెరిన్‌కు సి.డి.కె.4 కైనేజ్ ఫాస్ఫేటును జోడిస్తుందనీ, దానితో ఆ ప్రోటీను కేంద్రకంలో మిక్ అనే ట్రాన్స్‌క్రిప్షన్ కారకాన్ని ప్రేరేపిస్తుందనీ 2017లో వెల్లడైంది. అంటే అడ్డుకోవలసిన ప్రోటీనే కైనేజ్ చేతిలో పనిముట్టవుతున్నది. కొన్ని క్యాన్సర్లలో సి.డి.కె.4 జన్యువులోనే లోపముంటుంది. ఇక్కడ అది నిర్దోషంగా ఉన్నా ఫలితం కీడే. హెపటైటిస్ బి సోకినవారిలో ఈ ముప్పు అనేక రెట్లు పెరుగుతుంది.

విస్తరణ శాస్త్రవేత్తలు ఈ సంగతిని రైతుకు జన్యువుల భాషలో చెప్పనక్కరలేదు. వీలున్నచోట చివరి దశలో ఒక రక్షక తడి, పక్వానికి రాగానే కోత, కాయల్లో తేమ 8–9 శాతానికి దిగేవరకు ఆరబెట్టడం ముఖ్యం. వలిచేముందు కాయలపై నీళ్లు చల్లే అలవాటు మాత్రం ఈ జాగ్రత్తలన్నిటినీ వమ్ము చేయగలదు. విషం కొద్ది గింజల్లోనే గుమిగూడుతుంది కనుక చిన్న నమూనాతో బస్తా మంచిదని తేల్చడం ప్రమాదకరం. బూజు పట్టినవి, ముడతలు పడినవి, పగిలినవి ఏరివేయాలి. ఏరినవాటిని ఇంటి వాడకానికి ఉంచుకోకూడదు, పశువులకూ పెట్టకూడదు. నూనె తీసినపుడు విషంలో అధికభాగం చెక్కలోనే మిగులుతుంది. దాన్ని తిన్న పాడి పశువు పాలలో అది అఫ్లాటాక్సిన్ ఎం1 రూపంలో తిరిగి ఇంటికే చేరుతుంది.