వాహనము దిగిన బ్యాటరీకి రెండవ కొలువు

వీధిదీపములు, మంచినీటి సరఫరా, కరెంటు బిల్లు: ఇవి ప్రతి పంచాయతీ సమావేశమునను చర్చకు వచ్చు విషయములు. ఇకముందు వీనితోపాటు మరియొక వస్తువును గూర్చి కూడ సభ్యులు తెలిసికొనవలసి యున్నది. అది విద్యుత్ వాహనములనుండి తీసివేసిన పాత బ్యాటరీ. పట్టణములలోనే గాక గ్రామములలో సయితము విద్యుత్ స్కూటర్లు, ఆటోలు హెచ్చుచున్నవి. నేడు కొన్న బండి బ్యాటరీ కొన్ని సంవత్సరములకు ముసలిదగును. అప్పుడు దాని నేమి చేయవలెను? పాత సామానుల వానికి అమ్మివేయుటయా? చెరువుగట్టున పారవేయుటయా? ఈ రెండును గాక మూడవ మార్గమొకటి కలదు.

శక్తి తగ్గును గాని నశింపదు

నేటి వాహనములలో హెచ్చుగా వాడుచున్నవి లిథియం అయాన్ బ్యాటరీలు. ఇవి మొదట 1991లో జపానులో విపణికి వచ్చినవి. వీనికి పునాది వేసిన గుడెనఫ్, విట్టింగ్‌హామ్, యోషినో అను మువ్వురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెల్ బహుమతి లభించినది. బ్యాటరీ నిండి ఖాళీయైన ప్రతిసారియు లోపలి రసాయనములకు స్వల్పమైన అరుగుదల కలుగును. వేడిమి ఆ అరుగుదలను త్వరపరచును. క్రొత్తగా నున్నప్పుడు నూరు పాళ్లు విద్యుత్తు పట్టునది క్రమముగా 70, 80 పాళ్లకు తగ్గినప్పుడు సాధారణముగ దానిని బండినుండి తీసివేయుదురు.

బండికి తక్కువ బరువుతో ఎక్కువ దూరము పోవు శక్తి కావలెను. మిట్ట నెక్కునప్పుడు ఒక్కసారిగా బలము చూపవలెను. పగలు సూర్యరశ్మివలన వచ్చిన విద్యుత్తును దాచి, రాత్రి నిదానముగ ఇచ్చు పనికి ఇంతటి బలము అక్కరలేదు. దూరప్రయాణమునకు చాలని ఎద్దును రైతు ఊరిలోని తేలిక పనులకు కట్టుకొనుట లేదా? ఇదియు అట్టిదే.

ఒక చిన్న లెక్క

ఒక కారు బ్యాటరీ క్రొత్తగా నున్నప్పుడు 24 యూనిట్ల విద్యుత్తు పట్టెడిదని అనుకొందము. 70 పాళ్లకు తగ్గిన పిమ్మట అది సుమారు 17 యూనిట్లు పట్టును. దాని ఆయుర్దాయము నిలుచుటకై పూర్తిగా ఖాళీ చేయక, అందులో 80 పాళ్లు మాత్రమే వాడుకొనవలెను. మార్గమధ్యమున పోవు నష్టమును తీసివేసినచో చేతికి 12 యూనిట్లు వచ్చును. 20 వాట్ల ఎల్‌ఈడీ దీపము 12 గంటలు వెలుగుటకు పావు యూనిట్టు కంటె కొంచెము తక్కువే చాలును. అనగా కారుకు పనికిరాదని తీసివేసిన ఒక్క బ్యాటరీ 50 వీధిదీపములను రాత్రియంతయు వెలిగింపగలదు.

నమీయె పట్టణపు అనుభవము

ఇది ఊహ కాదు. జపానులోని ఫుకుషిమా ప్రాంతమున నమీయె అను చిన్న పట్టణము కలదు. 2011లో భూకంపము, ఉప్పెన, వానివెంట అణువిద్యుత్ కేంద్రపు ప్రమాదము సంభవింపగా ఆ ఊరి ప్రజలందరును ఇండ్లు విడిచి పోవలసివచ్చినది. 2017లో కొంతభాగమునకు మాత్రము తిరిగివచ్చుటకు అనుమతి లభించినది. మరుసటి సంవత్సరము పాత కారు బ్యాటరీలను పరీక్షించి తిరిగి సిద్ధపరచు కర్మాగారము నచట నెలకొల్పిరి. పాత బ్యాటరీలను, సౌరఫలకములను జోడించి, విద్యుత్ తీగలతో పనిలేని వీధిదీపములను ఆ ఊరికొరకే రూపొందించిరి. 2021లో ఫుకుషిమా ప్రాంతపు రైల్వేగేటు నొకదానియందు ఇట్టి బ్యాటరీలను ప్రయోగించి చూచిరి.

నెదర్లాండ్సు రాజధానియగు ఆంస్టర్‌డాం నగరమున 2018లో ఒక క్రీడారంగమునకు 148 కారు బ్యాటరీలతో సమానమైన నిలువకేంద్రమును నిర్మించిరి. వానిలో కొన్ని క్రొత్తవి, కొన్ని వాడినవి.

పరీక్షయే ప్రాణము

అన్ని పాత బ్యాటరీలును ఒకే తీరున అరుగవు. ఒకే పెట్టెలోని సెల్లులలో కొన్ని దృఢముగను, కొన్ని దుర్బలముగను ఉండును. బలహీనమైన సెల్లు ఒక్కటి యున్నను తక్కినవానిని క్రిందికి లాగును. కావున ప్రతి భాగమును పరీక్షించి, సమానమైన వానిని ఒకచోట చేర్చవలెను. జపానులో 48 భాగములు గల కారు బ్యాటరీని పరీక్షించుటకు మొదట 16 దినములు పట్టెడిది. నూతన విధానమువలన అది 4 గంటలకు తగ్గినది. పరీక్షకు పిదప ఉష్ణమును, విద్యుత్ ప్రవాహమును అనుక్షణము కనిపెట్టి, హద్దు మీరినప్పుడు ఆపివేయు పరికరమును తప్పక అమర్చవలెను.

అజాగ్రత్త ప్రాణాంతకము

పాత బ్యాటరీని సుత్తితో పగులగొట్టిన యెడల లోపల మంట పుట్టి, విషవాయువులు వెలువడును. ఆరినట్లు కనిపించిన మంట గంటల తరువాత మరల రాజుకొనవచ్చును. 2022 సెప్టెంబరులో సికిందరాబాదున విద్యుత్ స్కూటర్ల దుకాణమునుండి లేచిన మంటలు, పొగ పైనున్న వసతిగృహమును చుట్టుముట్టగా ఎనిమిదిమంది మరణించిరి. బ్యాటరీల నిలువ మనుష్యులు నివసించు కట్టడము క్రింద ఉండరాదని ఈ దుర్ఘటన మనకు నేర్పుచున్నది.

చట్టమేమి చెప్పుచున్నది?

భారత ప్రభుత్వము 2022 ఆగస్టులో బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నియమములను ప్రకటించినది. వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించి, పునరుద్ధరణకో, లోహములను వేరుచేయుటకో పంపు బాధ్యత ఉత్పత్తిదారులదే. పునరుద్ధరించువారు రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలివద్ద నమోదు కావలెను. ఇంటి చెత్తతో బ్యాటరీని కలుపరాదు.

పంచాయతీ కర్తవ్యము

రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో గ్రామీణ విద్యుదీకరణము, సంప్రదాయేతర ఇంధనములు పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగ చేర్చబడియున్నవి. కావున సభ్యులు ఈ క్రింది సంగతులను గమనించుట మేలు.

ఒకటి: గ్రామమున చెడిన బ్యాటరీలను చెత్తకుప్పకు గాని, విప్పి అమ్మువారికి గాని పోనీయక, నమోదైన సేకరణదారునకు అందునట్లు ప్రజలకు తెలియజెప్పవలెను.

రెండు: ఎవరైనను పాత బ్యాటరీలతో దీపములు అమర్చెదమని వచ్చినచో, పరీక్షాపత్రమును, మిగిలిన శక్తి యెంతయో, పూచీ యెన్ని సంవత్సరములో వ్రాతమూలకముగ అడుగవలెను. క్రొత్త బ్యాటరీల ధరలు కొన్ని సంవత్సరములుగ చాల తగ్గినవి; పాతదానిలో నిజముగ ఆదా కలదో లేదో సరిచూడవలెను.

మూడు: బ్యాటరీలను గాలి, నీడ గలచోట, బడికిని అంగన్‌వాడీకిని దూరముగ ఉంచవలెను.

నాలుగు: మరమ్మతు ఎవరిదో ముందే తీర్మానములో వ్రాసికొనవలెను. బ్యాటరీ చెడి, పట్టించుకొనువారు లేక చీకటిగ నిలిచిన సౌరదీపస్తంభములు మన గ్రామములకు క్రొత్త కావు.

రెండవ కొలువు ముగిసిన పిదప కూడ ఆ బ్యాటరీ వ్యర్థము కాదు. అందలి రాగి, లిథియము, రకమునుబట్టి నికెలు, కోబాల్టు తిరిగి క్రొత్త బ్యాటరీలకు పనికివచ్చును. దానిని ఆ చోటికి చేర్చువరకును బాధ్యత గల చేతులలో ఉంచుటయే మనము చేయవలసిన పని.