కొనేవాళ్ళ ఇల్లు అమ్ముడుపోతేనే మనకు డబ్బులా? బయానా తీసుకునే ముందు ఇది వినండి

ఈ రోజు ఎపిసోడ్ మా ఇంట్లో జరిగిన విషయంతోనే మొదలుపెడతాను. ఇల్లు అమ్మేది అమ్మానాన్నలు కదా, మాకెందుకు అనుకోకండి. ఆ అగ్రిమెంట్ వాట్సాప్‌లో ముందు మీకే వస్తుంది. "ఒకసారి చదివి చెప్పరా" అని మిమ్మల్నే అడుగుతారు.

మా బాబాయ్ వాళ్ళకు కూకట్‌పల్లిలో ఒక ఫ్లాట్ ఉండేది. 72 లక్షలకు బేరం కుదిరింది. కొనే ఆయన మర్యాదస్తుడే. "మాకు దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లుందండీ, అది అమ్మగానే మొత్తం ఇచ్చేస్తా" అన్నారు. 5 లక్షలు బయానా ఇచ్చారు. వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద అర పేజీ అగ్రిమెంట్ రాసుకున్నారు. అందులో "ఇల్లు అమ్మిన వెంటనే మిగతా సొమ్ము" అని ఒక లైన్ ఉంది. తేదీ మాత్రం లేదు.

బాబాయ్ ఆ 5 లక్షలు తీసుకెళ్ళి శంకర్‌పల్లి వైపు ఒక ప్లాట్‌కు అడ్వాన్స్ కట్టారు. మూడు నెలలు అనుకున్నది పదకొండు నెలలు అయింది. దిల్‌సుఖ్‌నగర్ ఇల్లు అమ్ముడు పోలేదు. ప్లాట్ ఓనర్ మాత్రం తన అగ్రిమెంట్‌లో గడువు పక్కాగా రాసుకున్నారు, కాబట్టి ఆ 5 లక్షలు పోయాయి. ఇటు కొనే ఆయన "నా బయానా నాకు ఇచ్చేయండి" అన్నారు. బాబాయ్ అప్పు చేసి ఇచ్చారు. చెల్లి ఎంబీఏ ఆ ఏడాది ఆగిపోయింది.

ఇందులో ఎవరైనా మోసం చేశారా? లేదు. తప్పంతా ఆ ఒక్క లైన్‌లో ఉంది.

చట్టం ఈ లైన్‌ను ఎలా చూస్తుంది?

మన 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో షరతుతో కూడిన ఒప్పందాల గురించి ఉంది. "ఫలానాది జరిగితేనే నేను కొంటాను" అని రాసుకుంటే, అది జరిగే దాకా ఆ ఒప్పందాన్ని అమలు చేయమని అడగలేం. ఇది 32వ సెక్షన్. అదే "ఫలానా తేదీలోపు జరిగితే" అని రాస్తే, ఆ తేదీ దాటగానే ఒప్పందం దానంతటదే చెల్లకుండా పోతుంది. ఇది 35వ సెక్షన్. రెండింటికీ తేడా చూశారా? తేదీ ఉంటే మనం బయటపడతాం. లేకపోతే ఇరుక్కుపోతాం.

ఇంకో వైపు కూడా చూడండి. షరతు అసలు రాయకుండా, "90 రోజుల్లో మిగతా సొమ్ము కట్టాలి" అని మాత్రమే రాశారనుకోండి. అప్పుడు వాళ్ళ ఇల్లు అమ్ముడు పోకపోవడం వాళ్ళ సమస్య. గడువు దాటితే బయానా వదులుకోవాలి అని స్పష్టంగా రాసి ఉంటే, న్యాయమైన మొత్తం మేరకు మనం ఉంచుకోవచ్చు. అలాగని 72 లక్షల్లో 30 లక్షలు తీసుకుని, అదంతా బయానాయే అంటే కోర్టు ఒప్పుకోకపోవచ్చు. బయానా వేరు, ధరలో భాగంగా ఇచ్చిన సొమ్ము వేరు.

అంటే రిస్క్ ఎవరిది అన్నది ఆ ఒక్క లైనే తేలుస్తుంది. షరతు రాస్తే రిస్క్ అమ్మేవాళ్ళ మీదికి వస్తుంది, రాయకపోతే కొనేవాళ్ళ మీద ఉంటుంది. మాట్లాడుకునేటప్పుడే ఇది తేల్చుకోండి.

"సరే, వేరేవాళ్ళకు అమ్మేస్తే పోలా?" అంటారు. అంత ఈజీ కాదు. పాత అగ్రిమెంట్ బతికే ఉంటే, కొనే ఆయన ఒప్పందం ప్రకారం ఇల్లు నాకే రిజిస్టర్ చేయాలని దావా వేయొచ్చు. తేదీ రాసుకుంటే ఆ తేదీ నుంచి మూడేళ్ళు టైమ్ ఉంటుంది. తేదీ లేకపోతే, మనం కాదన్నట్టు ఆయనకు తెలిసిన రోజు నుంచి మూడేళ్ళు. తన దగ్గర డబ్బు సిద్ధంగా ఉందని, కొనడానికి రెడీగా ఉన్నానని ఆయన నిరూపించాలి, నిజమే. కానీ దావా నడుస్తుండగా మనం అమ్మితే, కొత్తగా కొన్నవాళ్ళు ఆ తీర్పుకు కట్టుబడాలి. అది తెలిసి ఎవరు ముందుకొస్తారు చెప్పండి?

మరి అలాంటి కొనుగోలుదారును వదులుకోవాలా? అక్కర్లేదు. ఇల్లు అమ్మి ఇల్లు కొనేవాళ్ళు చాలామందే ఉంటారు. జాగ్రత్తగా రాసుకుంటే చాలు.

మొదటిది, వాళ్ళ ఇల్లు ఏ దశలో ఉందో అడగండి. అమ్మకానికి ఇంకా పెట్టలేదా, బేరం కుదిరిందా, అగ్రిమెంట్ అయిందా? అగ్రిమెంట్ అయితే కాపీ చూపించమనండి. ఈసీ ఆన్‌లైన్‌లో మీ ఫోన్‌లోనే చూడొచ్చు. ఆ ఇంటి మీద లోన్ ఉందా అన్నది ముఖ్యం. లోన్ మొత్తం తీరాక ఒరిజినల్ కాగితాలు 30 రోజుల్లో ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది. అంటే ఆ 30 రోజులు కూడా మన గడువులో కలిపి లెక్కేయాలి.

రెండోది, ఆఖరి తేదీ. "ఫలానా తేదీలోపు కొనుగోలుదారు ఇల్లు అమ్ముడై సొమ్ము చెల్లించకపోతే ఈ ఒప్పందం రద్దు" అని రాయండి. గడువే ఈ ఒప్పందానికి ముఖ్యం అని కూడా విడిగా రాయించండి. ఎందుకంటే స్థిరాస్తి విషయంలో నాలుగు రోజులు ఆలస్యమైతే ఒప్పందం పోయినట్టేనని కోర్టులు మామూలుగా అనుకోవు.

మూడోది, ఇంకొకరు వస్తే ఏం చేయాలి అన్నది. అమెరికాలో ఉన్న మనవాళ్ళను అడిగితే చెప్తారు. అక్కడ ఇలాంటి షరతుతో అమ్మేటప్పుడు ఇల్లు మార్కెట్‌లోనే ఉంచుతారు. ఇంకో ఆఫర్ వస్తే మొదటివాళ్ళకు నోటీసు ఇస్తారు, చాలాసార్లు 72 గంటలు. ఆ లోపు షరతు వదులుకుని డబ్బు సిద్ధం చేసుకుంటే ఇల్లు వాళ్ళదే, లేకపోతే రెండోవాళ్ళది. మనం కూడా ఒక వారమో పది రోజులో పెట్టుకుని ఇదే రాసుకోవచ్చు.

నాలుగోది, బయానా డబ్బు ఖర్చు పెట్టకండి. షరతు ఉన్నంత కాలం అది తిరిగి ఇవ్వాల్సి రావచ్చు. బ్యాంకులో అలాగే ఉంచండి. మా బాబాయ్ తప్పటడుగు వేసింది ఇక్కడే. ఇంకో మాట, 20,000 రూపాయలు లేదా ఆపైన అడ్వాన్స్ క్యాష్‌లో తీసుకోవద్దు. ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, తీసుకున్నవాళ్ళకే పెనాల్టీ పడుతుంది. చెక్కో, ఆన్‌లైన్ ట్రాన్స్‌ఫరో చేయించుకోండి.

అయిదోది, పూర్తి సొమ్ము రాకుండా తాళాలు, ఒరిజినల్ కాగితాలు ఇవ్వొద్దు. చూసుకోవడానికి జిరాక్స్ చాలు. బేరం చెడితే, రద్దయిందని ఇద్దరూ సంతకాలు పెట్టిన కాగితం తీసుకున్నాకే డబ్బు తిరిగి ఇవ్వండి. అగ్రిమెంట్ రిజిస్టర్ అయి ఉంటే రద్దు కూడా రిజిస్టర్ చేయించాలి.

అన్నీ కుదిరితే రెండు రిజిస్ట్రేషన్లూ ఒకే రోజు పెట్టుకోవడం మేలు. పొద్దున వాళ్ళ ఇల్లు, మధ్యాహ్నం మన ఇల్లు. మధ్యలో డబ్బు ఆగే చోటు ఉండదు.

ఇప్పుడు కొనే వైపు ఉన్నవాళ్ళకు ఒక మాట. మీ పాత ఇల్లు అమ్మేదాకా ఆగలేకపోతే, కొన్ని బ్యాంకులు ఇచ్చే బ్రిడ్జ్ లోన్ గురించి అడగండి. కానీ వడ్డీ, పాత ఇల్లు అమ్మాల్సిన గడువు చూసుకున్నాకే. పన్ను సంగతి కూడా చూడండి. పాత ఇంటి లాభం మీద మినహాయింపు కావాలంటే, కొత్త ఇల్లు కొన్నది పాతది అమ్మడానికి ముందు ఏడాదిలో గానీ, అమ్మిన తర్వాత రెండేళ్ళలో గానీ అయి ఉండాలి. ముందే కొనేసి పాతది ఏడాది దాటాక అమ్మితే ఆ మినహాయింపు చేజారుతుంది.

బాబాయ్ ఫ్లాట్ చివరికి వేరేవాళ్ళకు అమ్ముడైంది. ఈసారి కొన్నవాళ్ళు కూడా వాళ్ళ ఇల్లు అమ్మే కొన్నారు. కానీ అగ్రిమెంట్‌లో తేదీ ఉంది, నోటీసు లైన్ ఉంది, బయానా బ్యాంకులోనే ఉంది. అరవై రోజుల్లో పని అయిపోయింది. చెల్లి కూడా కాలేజీలో చేరింది.

సంతకం పెట్టే ముందు ఒక లాయర్‌కు చూపించండి, ఆ ఫీజు దగ్గర పొదుపు చేయొద్దు. మీ ఇంట్లో ఎవరైనా ఇల్లు అమ్మే ఆలోచనలో ఉంటే ఈ రోజే అడగండి: "కొనేవాళ్ళ డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది?" అని. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.