అరవై శాతం నిబంధన: ఫ్లోరిడా రాష్ట్ర రాజ్యాంగంలో ఎన్నికల నియమాల సవరణ

భారతదేశంలో రాష్ట్రాలకు ప్రత్యేక రాజ్యాంగాలు లేవు. 1957 నుంచి 2019 వరకు అమలులో ఉన్న జమ్మూకాశ్మీర్ రాజ్యాంగం ఒక్కటే మినహాయింపు. శాసనసభ ఎన్నికల నియమాలను భారత రాజ్యాంగమూ, 1950, 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టాలూ నిర్ణయిస్తాయి. వాటిలో మార్పును ఓటరు నేరుగా ప్రతిపాదించే మార్గం లేదు. అమెరికాలో ప్రతి రాష్ట్రానికీ సొంత రాజ్యాంగం ఉంది. కొన్ని రాష్ట్రాలు సవరణ ప్రతిపాదించే అధికారాన్ని పౌరులకు కూడా ఇచ్చాయి. ఎన్నికల నియమాల విషయంలో ఈ అధికారం కీలకమైనది. ఉన్న నియమాల కింద గెలిచినవారికి వాటిని మార్చాలన్న ఆసక్తి తక్కువగా ఉండటం సహజం.

ప్రతిపాదన విధానం

1968 నాటి ఫ్లోరిడా రాజ్యాంగంలోని 11వ అధికరణం సవరణకు పలు మార్గాలను చూపింది. ఉభయ సభల్లో అయిదింట మూడు వంతుల మద్దతుతో శాసనవ్యవస్థ ప్రతిపాదించవచ్చు. 20 ఏళ్లకొకసారి ఏర్పడే రాజ్యాంగ పునఃపరిశీలన సంఘం ప్రతిపాదించవచ్చు. పౌరులైతే సంతకాలు సేకరించాలి. గత అధ్యక్ష ఎన్నికలో పోలైన ఓట్లలో 8 శాతానికి సమానమైన సంతకాలు రాష్ట్రం మొత్తం మీద రావాలి, కనీసం సగం కాంగ్రెస్ నియోజకవర్గాల్లోనూ అదే నిష్పత్తి ఉండాలి. 2024లో ఈ సంఖ్య 8,91,523. ప్రతిపాదన ఒకే విషయానికి పరిమితమైందా, బ్యాలెట్ పత్రంపై ముద్రించే 75 పదాల సారాంశం స్పష్టంగా ఉందా అన్నది రాష్ట్ర సుప్రీంకోర్టు పరిశీలిస్తుంది. ఆ తరువాతే అది ఓటర్ల ముందుకు వస్తుంది.

నియమాన్ని మార్చిన నియమం

2002లో చూలు పందులను ఇరుకు బోనుల్లో బంధించరాదన్న నిబంధన దాదాపు 55 శాతం ఓట్లతో ఫ్లోరిడా రాజ్యాంగంలో చేరింది. పందుల పోషణకు రాజ్యాంగంలో చోటేమిటన్న విమర్శ వచ్చింది. 2006లో శాసనవ్యవస్థ ఒక సవరణను ప్రతిపాదించింది: ఇకపై ఏ సవరణకైనా 60 శాతం ఓట్లు రావాలి. దానికి వచ్చినవి 57.8 శాతం. తాను విధించిన కొలతకు తానే సరితూగని నిబంధన ఆమోదం పొందింది! చట్టరీత్యా ఇందులో దోషం లేదు. సవరణను ఓటింగ్ నాటికి అమలులో ఉన్న నియమంతోనే కొలుస్తారు. జమ్మూకాశ్మీర్ రాజ్యాంగంలోని 147వ సెక్షన్ ఇటువంటి స్థితికి తావివ్వలేదు. సవరణ విధానాన్ని తెలిపే ఆ సెక్షన్‌నే మార్చే బిల్లును సభలో ప్రవేశపెట్టరాదని అదే నిషేధించింది.

కొత్త గీటు ఎన్నికల సంస్కరణలన్నింటినీ ఆపలేదు. ఏ పార్టీకీ, పదవిలో ఉన్న ఏ సభ్యునికీ మేలు చేసేలా నియోజకవర్గాల హద్దులు గీయరాదన్న రెండు సవరణలు 2010లో దాదాపు 63 శాతం చొప్పున ఓట్లు పొందాయి. హత్య, లైంగిక నేరాలు మినహా ఇతర నేరాలకు శిక్ష పూర్తిచేసినవారికి ఓటుహక్కును పునరుద్ధరించే సవరణ 2018లో 64.5 శాతంతో నెగ్గింది. అయితే జరిమానాలు, కోర్టు రుసుములు చెల్లిస్తేనే శిక్ష పూర్తయినట్లని 2019లో శాసనవ్యవస్థ చట్టం చేసింది. 2020లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు దానిని సమర్థించింది. అదే ఏడాది, పార్టీతో నిమిత్తం లేకుండా ఓటర్లందరికీ రాష్ట్రస్థాయి ప్రైమరీ ఎన్నికల్లో అవకాశమివ్వాలన్న పౌర ప్రతిపాదన 57 శాతం ఓట్లు పొంది కూడా వీగిపోయింది. 2006లో 60 శాతం నిబంధనను గెలిపించిన మద్దతు కూడా దాదాపు అంతే.

ఈ గీటు శాసనవ్యవస్థనూ వదలలేదు. పాఠశాల బోర్డు ఎన్నికలను పార్టీల ప్రాతిపదికన జరపాలన్న దాని ప్రతిపాదన 2024లో 55 శాతం వద్ద ఆగింది. ఎన్నికల ప్రచారానికి ప్రభుత్వ నిధులిచ్చే ఏర్పాటును తొలగించాలన్నది 50 శాతాన్ని స్వల్పంగా దాటి ఓడింది. కానీ ఇరుపక్షాల ఓటమి సమానం కాదు. శాసనవ్యవస్థకు సాధారణ చట్టం చేసే దారి ఉంది. 2019లో అది చేసింది అదే. ఫ్లోరిడా పౌరులకు సాధారణ చట్టాన్ని ప్రతిపాదించే హక్కు లేదు. పందుల నిబంధన రాజ్యాంగానికి ఎక్కడానికి కారణం కూడా ఇదే: పౌరులకు ఉన్న తలుపు అదొక్కటే. రాజ్యాంగం చిల్లర విషయాలతో నిండకూడదన్నదే ఉద్దేశమైతే, ఆ తలుపును ఇరుకు చేయడం కన్నా పక్కన మరొకటి తెరవడం మేలు.

ఒహాయోలో ఆ రెండో తలుపు 1912 నుంచీ ఉంది. అక్కడ 60 శాతం గీటును పెడుతూ, సంతకాలు 44 కౌంటీలకు బదులు మొత్తం 88 కౌంటీల నుంచీ రావాలన్న ప్రతిపాదనను శాసనవ్యవస్థ 2023 ఆగస్టు 8న ఓటింగ్‌కు పెట్టింది. 57 శాతం ఓటర్లు దానిని తిరస్కరించారు.