గుండెకు నిలకడ వ్యాయామము మేలా, విడతల వ్యాయామము మేలా?

ఒకే వేగమున చాలసేపు నడచుట, పరుగెత్తుట, సైకిలు త్రొక్కుట నిలకడ వ్యాయామము. కొంతసేపు తీవ్రముగ శ్రమించి, కొంతసేపు నెమ్మదించి, మరల శ్రమించుట విడతల వ్యాయామము. పురుషుల గుండెబలమునకు వీనిలో నేది మేలని మా పై తరగతుల బాలురు తరచుగ నడుగుచున్నారు. వారి తండ్రులకును ఈ విషయము పనికివచ్చునని తలచి వ్రాయుచున్నాము.

బోధను ప్రాంతపు పెద్దలకు ఈ భేదము క్రొత్తది కాదు. 1937లో వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ నడచినన్నాళ్లు చెరకు మోపు నెత్తి బండికెక్కించి, వట్టిచేతులతో తిరిగివచ్చి, మరల మోపు నెత్తినవాని శ్రమ విడతల శ్రమయే. బోధను నుండి నిజామాబాదునకు సైకిలుపై వచ్చినవానిది నిలకడ శ్రమ. ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడినది. సైకిలు స్థానమును మోటారుసైకిలు ఆక్రమించినది. శ్రమ తగ్గినను గుండెకు దాని యవసరము తగ్గలేదు. మన బాలురు మాత్రము కబడ్డీలో నేటికిని విడతల శ్రమ చేయుచున్నారు; 30 సెకనుల కూతకు వెళ్లివచ్చి ఆయాసము తీర్చుకొనుట యదియే గదా!

1939లో 800 మీటర్ల పరుగున ప్రపంచ రికార్డు నెలకొల్పిన జర్మను వీరుడు రుడాల్ఫ్ హార్బిగ్ ఈ పద్ధతిననుసరించియే శిక్షణ పొందెను. అయితే రెండు పద్ధతులను జాగ్రత్తగ పోల్చి చూచుట తరువాతి మాట. 2007లో నార్వే దేశపు ట్రోన్‌హైమ్ పరిశోధకులు ఆరోగ్యవంతులగు 40 మంది పురుషులను నాలుగు జట్లు చేసి, వారమునకు 3 దినముల చొప్పున 8 వారములు పరుగెత్తించిరి. మొత్తము శ్రమ అన్ని జట్లకును సమానమే. ఒక జట్టు, గుండె గరిష్ఠవేగములో నూటికి 70 పాళ్ల వద్ద నిలకడగ పరుగెత్తెను. మరియొక జట్టు 90 నుండి 95 పాళ్ల వద్ద 4 నిమిషములు, పిదప 3 నిమిషములు మెల్లగ, ఇట్లు 4 విడతలు పరుగెత్తెను. శరీరము నిమిషమునకు గరిష్ఠముగ వినియోగించుకొనగల ప్రాణవాయువే ఇచ్చట కొలబద్ద. అది విడతల జట్టునకు నూటికి 7 పాళ్లు పెరిగెను. నిలకడ జట్టునకు చెప్పదగినంత పెరుగలేదు.

కారణమేమనగా, అంతటి తీవ్రశ్రమను 16 నిమిషములు ఏకధాటిగ భరించుట కష్టము, విడదీసినచో భరింపవచ్చును. ఆ సమయమున గుండెకు తిరిగివచ్చు రక్తము హెచ్చును. దానితో గుండె ఒక్కొక్క స్పందనకు నెక్కువ రక్తమును పంపుట కలవాటుపడును.

ఇది చదివి తండ్రులు రేపటి ఉదయమే పరుగు లంకించుకొనవలదు. ఆ పరిశోధనలో పాల్గొన్నవారు పొగత్రాగనివారు, వ్యాయామమునకు కొంత అలవడిన యువకులు. దక్షిణాసియా వారికి మొదటి గుండెపోటు ఇతరులకంటె అయిదారేండ్లు ముందుగ వచ్చుచున్నదని ఒక పెద్ద పరిశోధన తెలిపినది. అలవాటు లేనివాడు హఠాత్తుగ తీవ్రశ్రమకు దిగుట అపాయము. పైగా, గుండె బలహీనపడిన రోగుల విషయమున విడతల పద్ధతి నిలకడ పద్ధతిని మించలేదని 2017లో తేలినది.

కావున నలుబది దాటినవారికి మొదట నిలకడ నడకయే మా సలహా. మాటలాడగలిగి, పాడలేనంత వేగము చాలును. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారమునకు కనీసము 150 నిమిషములు అట్టి శ్రమ విధించినది. రెండు మూడు నెలలు గడచిన పిదప వారమున కొక దినము, ఒక నిమిషము వడిగ, రెండు నిమిషములు మెల్లగ నడచి చూడవచ్చును. మధుమేహము, రక్తపుపోటు, పొగాకు అలవాటు ఉన్నవారును, మెట్లెక్కునపుడు ఛాతీ బిగబట్టినట్లుండువారును ముందుగ వైద్యుని చూడవలయును. ఈ మాటను పిల్లలు ఇంట చదివి వినిపింపవలెనని కోరుచున్నాము.

పోలీసు ఉద్యోగమునకు 1600 మీటర్ల పరుగు సాధన చేయు మా పూర్వ విద్యార్థులకు రెండు పద్ధతులును కావలయును: వారమున రెండు దినములు విడతలు, తక్కిన దినములు నిలకడ. విడతల నడుమ కూర్చుండక మెల్లగ నడచుచుండవలయును. ఒక్కసారిగ నిలిచినచో రక్తము కాళ్లలో నిలిచి తల తిరుగును.

గుండె గరిష్ఠవేగమును ఉరమరగ తెలియుటకు 220 నుండి వయస్సును తీసివేయుదురు. 45 ఏండ్లవానికది 175. అందు నూటికి 70 పాళ్లు సుమారు 122. ఎనిమిదవ తరగతి బాలుడు ఈ లెక్క కట్టగలడు. తండ్రి నడచి వచ్చినంతనే మణికట్టు పట్టుకొని నాడిని లెక్కించి సరిచూడగలడు.