ఫ్లోరైడ్‌ను ఏరి పట్టేదెలా?

నాగలమడిక ఉన్న పావగడ తాలూకాలో బోరునీళ్ల ఫ్లోరైడ్ బాధ పాతదే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీటిని చిన్నప్పటి నుంచి తాగితే పళ్లపై మచ్చలు పడతాయి. మోతాదు బాగా పెరిగితే ఎముకలూ దెబ్బతింటాయి.

అదే నీటిలో క్లోరైడ్ కూడా ఉంటుంది. దాన్ని వదిలి ఫ్లోరైడ్‌ను మాత్రమే పట్టడమెలా? కొన్ని బ్యాక్టీరియాల్లో ‘ఫ్లూక్’ అనే ప్రోటీన్ ఆ తేడా గుర్తించి ఫ్లోరైడ్‌నే బయటికి పంపుతుంది. అలా ఎంచి పట్టే అణువులను, అంటే కృత్రిమ గ్రాహకాలను, రసాయన శాస్త్రవేత్తలు తయారుచేస్తున్నారు. ఈ విద్యకు పునాది వేసిన పెడర్సన్, క్రామ్, లేన్‌లకు 1987లో నోబెల్ వచ్చింది.

చిక్కల్లా నీటితోనే. నీటి అణువులు ఫ్లోరైడ్‌ను గట్టిగా చుట్టుకుంటాయి. వాటి నుంచి విడిపించగల గ్రాహకమే మన బిందెకు పనికొస్తుంది. అంతవరకు బోరునీటిని పరీక్ష చేయించి, శుద్ధిచేసిన నీరే తాగాలి. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు!